పిల్లి, గోమారి, అలికిన నేల

వానలు పట్టి మూడు నాలుగు వారాలు తిరిగేసరికి పిల్లిని పెంచే ఇళ్ళల్లో ఒక గొడవ మొదలవుతుంది. చీలమండల దగ్గర, చీర కుచ్చెళ్ళు తగిలే మేరా, ఎర్రటి దద్దుర్లు. ఒకటి కాదు, వరసగా రెండు మూడు. దోమ అనుకుని దోమతెర బిగిస్తాం. నల్లి అనుకుని మంచం ఎండలో వేస్తాం. పిల్లి మటుకు కూర్చున్నది కూర్చున్నట్టే ఉలిక్కిపడి లేచి, తోక మొదట్లో పరపరా కొరుక్కుంటుంది. అప్పుడు గాని అసలు దొంగ ఎవరో తెలియదు.

ఆ దొంగ పేరు ముందు తేల్చుకుందాం. పశువు చెవిలో పట్టుకుని ఉబ్బే పిడుదునీ, జుట్టులో పాకే పేనునీ, పిల్లి ఒంటి మీంచి గెంతే దీన్నీ కలిపేసి మాట్లాడటం మనకి అలవాటు. ఎక్కడికక్కడ పేర్లు వేరు కూడానూ. ఈ ప్రసంగంలో గోమారి అంటే గెంతేదే అనుకోండి. ముదురు గోధుమ రంగు, పక్కల నుంచి నొక్కేసినట్టు సన్నటి ఒళ్ళు, ఆవగింజ పాటి కూడా ఉండదు, రెక్కలుండవు, వేలు పెట్టేలోగా మాయమవుతుంది. పశువుల డాక్టర్లు ఫ్లీ అంటారు.

"ఇంత పురుగుకి చరిత్ర కూడానా?" అని నవ్వుకోకండి. దీన్ని ఎలా వదిలించుకోవాలన్న ప్రశ్నకి జవాబు మన దేశంలోనే, నూరేళ్ళ పైన అయింది, ఎన్నో లక్షల ప్రాణాలు పోయాక దొరికింది. ఆ జవాబు మందుల సీసాలో లేదు, ఇంటి నేలలో ఉంది. అంచేత ఆ కథ ముందు చెప్పి, తరవాత మన ఇంట్లోకి వస్తాను.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. అక్కణ్ణుంచి ఓడల మీదా రైళ్ళ మీదా దేశమంతా పాకి, ఆ తరవాతి ఇరవై పాతికేళ్ళలో కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. మన వైపు హైదరాబాదు రాజ్యమూ, అప్పటి మద్రాసు రాజధానిలో బళ్ళారి సీమా బాగా దెబ్బతిన్నాయి. 1911లో హైదరాబాదు నగరంలో ప్లేగు చెలరేగాక, ఆ మరుసటేడు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, గాలీ వెలుతురూ లేని ఇరుకు పేటల్ని కొట్టించి కొత్త ఇళ్ళు కట్టించడం మొదలెట్టారు. దానికి ముందు 1908 నాటి మూసీ వరద కూడా కారణమే అనుకోండి.

మొదట్లో జబ్బు ఎలా అంటుకుంటుందో ఎవరికీ తెలియదు. గాలి అన్నారు, మురికి అన్నారు, నేలలోంచి పుట్టే విషం అన్నారు. తెలియనప్పుడు సర్కారు వారు చేసే పని ఒకటే కదా, ఘాటైన మందు చల్లడం. బొంబాయిలో కార్బాలిక్ కలిపిన నీళ్ళు గొట్టాలతో ఇళ్ళల్లోకి కొట్టారు. పాదరసపు మందు గోడలకి పూశారు. పుణేలో సోల్జర్లు చెప్పులతో వంటింట్లోకి, దేవుడి గదిలోకి వచ్చి సామాను వీధిలో పారేసి తగలబెట్టారు. ఆడవాళ్ళని బయటికి పిలిచి పరీక్షలు చేశారు. ఆ కోపంలోనే 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ని కాల్చారు. ఇదంతా మన బళ్ళో చదువుకున్నదే. బళ్ళో చెప్పనిది ఏమిటంటే, అంత మందు కుమ్మరించినా ప్లేగు తగ్గలేదు. ఇంట్లో కంపు భరించలేక ఎలుకలు పక్కింటికి పోయాయి. వాటితోబాటు గోమార్లూ పోయాయి.

1898లో కరాచీలో పోల్ లూయి సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక చిన్న ప్రయోగం చేశాడు. పెద్ద గాజు కూజాలో అడుగున ఇసక పోసి, ప్లేగు తగిలిన ఎలుకని అందులో పెట్టాడు. దాని ఒంటి మీద గోమార్లు చాలవేమోనని, తను దిగిన హోటల్లో తిరిగే పిల్లిని పట్టి, దాని ఒంటి మీదివి కొన్ని ఏరి కూజాలో వేశాడు. తరవాత ఆరోగ్యంగా ఉన్న మరో ఎలుకని చిన్న బోనులో పెట్టి, రెండూ ఒకదాన్నొకటి తాకే వీల్లేకుండా అదే కూజాలో వేలాడదీశాడు. వారం తిరక్కముందే రెండోది కూడా ప్లేగుతో చచ్చింది. గోమార్లు లేకుండా చేసినప్పుడు ఎలుక పక్కన ఎలుక ఉన్నా జబ్బు అంటలేదు. చూశారా, వైద్యచరిత్రలో అంత పెద్ద సంగతి బయటపడటంలో ఒక హోటలు పిల్లికీ భాగం ఉంది. దాని పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే రేపటికి సగం మంది పిల్లిని వీధిలోకి తోలేస్తారు. ప్లేగును మోసేది ముఖ్యంగా ఎలుకల మీది గోమారి. పిల్లి మీది గోమారి వేరే జాతి, ప్లేగు మోయడంలో బొత్తిగా చేతకానిది. పైగా 1908లో అమరావతిలో, మనది కాదు లెండి, బేరారు అమరావతిలో, సివిల్ సర్జనుగా ఉన్న బుకానన్ అనే ఆయన, ఎక్కువ ఇళ్ళల్లో పిల్లులున్న ఊళ్ళకి ప్లేగు రావడం లేదని చూసి, ఇంటికో పిల్లిని పెంచండని ఇంగ్లండులో వైద్యుల పత్రికకి వ్యాసం రాశాడు. పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగొచ్చే మనకి ఈ ముక్క గుర్తుండాలి.

సిమోన్ మాట చాలామంది డాక్టర్లు నమ్మలేదు, వెక్కిరించారు కూడా. 1905లో ప్లేగు పరిశోధక సంఘం బొంబాయిలో పని మొదలెట్టాక గాని సంగతి తేలలేదు. ఆ సంఘం చేసిన ప్రయోగాల్లో మూడు మన ఇంటికి పనికొస్తాయి.

ప్లేగు వచ్చిన ఇళ్ళల్లో గినీ పందుల్ని బోనుల్లో పెట్టారు. ఒక బోను నేలకి రెండంగుళాల ఎత్తున, ఇంకోటి రెండడుగుల ఎత్తున వేలాడదీశారు. కింది దానికి జబ్బు వచ్చింది, పై దానికి రాలేదు. కారణం ఏమిటంటే ఆ పురుగు నాలుగైదు అంగుళాల కన్నా ఎత్తుకి గెంతలేదు. రెండోది, బోను చుట్టూ ఆరంగుళాల వెడల్పున జిగురు పూశారు. లోపలి జంతువు బతికింది, జిగురు నిండా గోమార్లు అంటుకున్నాయి. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పేడతో అలికిన నేల మీదా, సున్నపు గచ్చు మీదా ప్లేగు క్రిములు కలిపిన రసం పోసి, ఎన్ని గంటలు విషం ఉంటుందో చూశారు. గచ్చు మీద 24 గంటలు, అలికిన నేల మీద 48 గంటలు. అంతే. ఆ తరవాత ఆ నేల జబ్బు చెయ్యదు. నేలలో విషం పుడుతుందన్న మాట ఆ దెబ్బతో పోయింది. నేల పాపం ఏమీ లేదు. నేల మీద గెంతేదానిదే పాపం.

అంటే పాదరసం, కార్బాలిక్ కుమ్మరించినవాళ్ళు సరైన ఇంటికే వెళ్ళారు గాని తప్పు శత్రువుతో యుద్ధం చేశారు. ఇప్పుడు మన ఇళ్ళల్లో పిల్లికి పొడి పులిమేవాళ్ళు చేస్తున్నది కూడా ఇంచుమించు అదే.

ఇక పాడేరు సంగతి. మావారి ఉద్యోగం అక్కడ ఉన్న రోజుల్లో నాకు ఈ పురుగుతో బాగా పరిచయం అయింది. పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడే దాకా విశాఖపట్నం జిల్లాలో ఏజెన్సీ ఊరు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కింద మాడుగుల, చోడవరం దగ్గర ఎండ మండిపోతూంటుంది, ఘాట్ రోడ్డు ఎక్కి పైకి వచ్చేసరికి శాలువా వెతుక్కుంటాం. వానాకాలం అంతా తడి, అది తగ్గితే మంచు. ఆరేసిన బట్ట మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటుంది. గోమారికి సరిగ్గా అదే కావాలి. మరీ వేడీ కాదు, మరీ చలీ కాదు, గాలిలో తేమ.

ఎందుకు కావాలో తెలియాలంటే దాని సంసారం చూడాలి. ఆడ గోమారి పిల్లి నెత్తురు తాగి రోజుకి 40, 50 గుడ్ల దాకా పెడుతుంది. పేను గుడ్డు ఈరులా వెంట్రుకకి అంటుకుంటుంది గాని, గోమారి గుడ్డు అంటుకోదు, నున్నగా జారి రాలిపోతుంది. పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్ళు విదిలిస్తే అక్కడ. కొద్దిరోజులకి అందులోంచి దారప్పోగంత తెల్లటి పురుగు వస్తుంది. దానికి కళ్ళుండవు, వెలుతురంటే పడదు, పగుళ్ళలోకీ చాప కిందకీ పోతుంది. అక్కడ దానికి తిండేమిటనుకున్నారు? తల్లి పిల్లి మీంచి రాల్చిన ఎండు నెత్తుటి రెట్ట. అదే దాని ఉగ్గుపాలు. గాలిలో తేమ సగానికి తగ్గితే ఈ పురుగు ఎండి చస్తుంది. ఎండ తగిలినా అంతే. అది బతికితే జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూడుకి దుమ్మూ నలుసులూ అంటుకుని మన కంటికి చెత్త ఉండలా కనిపిస్తుంది. అందులో రెండు వారాలు ఉండి రావచ్చు, నెలల తరబడి ముడుచుకుని కూర్చోనూవచ్చు. అడుగుల చప్పుడూ, ఒంటి వేడీ, ఊపిరీ తగిలాయంటే గూడు పగలదీసుకుని గెంతుతుంది.

ఇంట్లో ఉన్న మొత్తం సంతతిలో పిల్లి ఒంటి మీద కనిపించేవి నూటికి 5 ఉంటాయని పశువైద్యులు చెబుతారు. మిగతా 95 నేలలో, చాపలో, పరుపులో ఉంటాయి. ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, ఏ పని ముందు చెయ్యాలో అదే తెలుస్తుంది.

పాడేరు చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ఇళ్ళు చూస్తే, ఇప్పుడు చాలావరకు సిమెంటు ఇళ్ళు వచ్చాయి గాని, మట్టి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఎర్రమట్టి పూసిన గోడలు, పేడతో అలికిన నేల, ఆ పక్కనే మేకలూ కోళ్ళూ. ఇన్ని జంతువుల మధ్య ఇంట్లో గోమార్లు కుప్పలుగా ఉండాలి. శుభ్రంగా ఉంచుకున్న ఇంట్లో అంతగా ఉండేవి కావు. మా ఇంటికి పసుపు అమ్మకానికి తెచ్చే ఒక పెద్దావిడని అడిగాను. "చీల ఉంటే పురుగుంటాది, చీల మూసెయ్యాల" అంది. చీల అంటే పగులు. ఆవిడ చేసే పని ఏమిటంటే, ఇంట్లో ఉన్న చాపలూ గంపలూ అన్నీ బయట వేసి, మూలమూలలూ ఊడ్చి, ఆ ఊడ్చినది వాకిట్లో వదిలెయ్యకుండా దూరంగా మంటలో వేసి, పగుళ్ళలో మట్టి మెత్తి, అప్పుడు అలికి, పూర్తిగా ఆరేదాకా ఎవర్నీ లోపల పడుకోనిచ్చేది కాదు. చాపలు ఎండలో తిరగేసి మరగేసి వేసేది.

మా అమ్మమ్మ కూడా పండగ ముందు ఇలాగే చేసేది. మీ ఇళ్ళల్లోనూ చేసే ఉంటారు. పేడలో ఏదో మందు గుణం ఉందని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, నాకు ఆ నమ్మకం లేదు. పరిశోధక సంఘం లెక్కలో సున్నపు గచ్చే కాస్త మెరుగు కదా. ఫలితమంతా పేడది కాదు, పేడతో అలకాలంటే ముందు చెయ్యాల్సిన చాకిరీది. సామాను కదపాలి, మూల ఊడవాలి, పగులు పూడాలి, నేల ఆరాలి. గుడ్డు, పురుగు, గూడు, మూడింటికీ నిలవ నీడ లేకుండా పోతుంది. ఇంత పని చేసిన ఆడవాళ్ళ గురించి ఏ రిపోర్టులోనూ ఒక వాక్యం కనపడదు. మందు చల్లినవాళ్ళ పేర్లు మటుకు ఉంటాయి.

మరి ఈ పని ఎలా వెనకబడింది? గచ్చులు వచ్చాయి, అలకడం పోయింది. అది మంచిదే, నడుములు బతికాయి. దాంతోబాటు చల్లుకునే పొడులు వచ్చాయి. డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం పెట్టి ఊరూరా ఇళ్ళ గోడలకి కొట్టారు. కొండ ప్రాంతాల్లో మలేరియా ఎంత మందిని మింగిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని తిట్టరు. నేనూ తిట్టను. కాని గోడకి కొట్టే మందు చూసి, దాన్నే పిల్లికి పులమవచ్చుననుకున్నాం. డి.డి.టి. పొడీ, గమాక్సిన్ అని పిలిచే బి.హెచ్.సి. పొడీ ఇంటింటా అటక మీద ఉండేవి. నల్లికదే, చీమకదే, పిల్లికదే, ఒక్కోచోట పిల్లల తలలో పేలకి కూడా అదే. బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించారు. డి.డి.టి.ని పొలాల్లో వాడకూడదని 1989లోనే ఆపారు.

పిల్లి సంగతి వేరు. అది రోజంతా ఒళ్ళు నాకుతూనే ఉంటుంది. ఒంటి మీద ఏది పడితే అది కడుపులోకి పోతుంది. పైగా కొన్ని విషాల్ని విరగ్గొట్టే శక్తి కుక్క కాలేయానికి ఉన్నంత పిల్లి కాలేయానికి లేదు. డి.డి.టి. చల్లిన ఇళ్ళల్లో పిల్లులు చచ్చిపోవడం ఉష్ణదేశాల్లో మలేరియా పనివాళ్ళు చూసిందే. 1960లో బోర్నియో దీవిలో సరవాక్ కొండల్లో బరియో అనే ఊరికి బ్రిటిషు విమానదళం వాళ్ళు పిల్లుల్ని పారాచ్యూట్ల మీద దింపారు, అక్కడ ఎలుకలు పంట తినేస్తున్నాయని. ఈ కథకి తరవాత తోకలు మొలిచి, పద్నాలుగు వేల పిల్లుల్ని దింపారని కూడా చెప్పుకుంటారు. నిజానికి దింపినవి ఇరవై పైచిలుకు. ఆ ఇరవై చాలు, పిల్లి లేని ఊరి అవస్థ తెలియడానికి.

అవన్నీ పాత పొడులు, ఇప్పుడు భయం లేదనుకుంటున్నారా? మా వీధిలోనే ఒక ఇల్లాలు, పక్కింటి కుక్కకి వాడగా మిగిలిన గోమారి చుక్కల మందు తన పిల్లి మెడ మీద వేసింది. కుక్కకి మంచిదైనది పిల్లికి ఎందుకు కాదనుకుంది. సాయంత్రానికి పిల్లి ఒళ్ళంతా వణుకు, నోటంట నురగ. తెల్లవారేసరికి పోయింది. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్ల మూడు రోజులు అన్నం తినలేదు. కుక్కల చుక్కల మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ అనే మందు ఉంటుంది. చామంతి జాతి పువ్వులోంచి తీసే పైరిత్రం అనే మందుని చూసి కార్ఖానాలో తయారుచేసినది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. డబ్బా మీద కుక్క బొమ్మ ఉంటే అది పిల్లికి విషమే అనుకోండి. ఎప్పుడైనా అలా పడిందంటే నాకనివ్వకుండా తువ్వాలు చుట్టి, గిన్నెలు కడిగే సబ్బుతో గోరువెచ్చటి నీళ్ళల్లో కడిగి, అప్పటికప్పుడు పశువుల ఆస్పత్రికి పరుగెత్తండి.

ఘాటు మందులు వద్దన్నానని, ఇంట్లో ఉన్న ప్రతిదీ పిల్లికి పూయమని కాదు. "ఇది ఆకే కదా, నూనే కదా" అని మనకి ఒక ధీమా. కిరసనాయిలు రాస్తే చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులకి పోతుంది. కర్పూరం, నీలగిరి తైలం పిల్లికి విషం. వేపనూనె పూస్తే అదీ నాకి జబ్బు పడుతుంది. వెల్లుల్లి పెడితే నెత్తురు విరుగుతుంది. ఫినాయిలు వేసి తుడిచిన తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటుంది, అదీ ప్రమాదమే. పసుపు పూస్తే పచ్చటి పిల్లి మిగులుతుంది గాని గోమారికేమీ కాదు. పాడేరు పసుపు కూరలోకే బాగుంటుంది.

మరి చెయ్యాల్సింది ఏమిటంటే, ముందు గోమారేనా అని తేల్చుకోండి. తెల్లటి తడి గుడ్డ పరిచి, దాని మీద పిల్లిని నిలబెట్టి, పేలదువ్వెనతో తోక మొదట్లోనూ మెడ కిందా దువ్వండి. నల్లటి మిరియపు పొడిలాంటి నలుసులు రాలి, తడికి చుట్టూ ఎర్రగా దిగిందంటే అది నెత్తురు. గోమారి రెట్టే. ఉత్తి దుమ్మైతే ఎర్రబడదు.

పిల్లి ఒంటికి ఆ దువ్వెనే మందు. రోజూ ఒక పూట, ఓపిగ్గా. పక్కన గిన్నెలో కుంకుడు రసం నురగ తీసి పెట్టుకోండి. ఉత్తి నీళ్ళల్లో వేస్తే గోమారి నీటి మీద తేలి మళ్ళీ గెంతేస్తుంది. కుంకుడు నీళ్ళకి, సబ్బు నీళ్ళకి ఆ తేలనిచ్చే బిగువు ఉండదు, మునిగి చస్తుంది. కుంకుళ్ళు మన ఏజెన్సీ సరుకే. 1956లో విశాఖపట్నంలో పెట్టిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొని అమ్మేవాటిల్లో తేనె, సీకాయలతోబాటు ఇవీ ఉన్నాయి. పిల్లికి మాత్రం కుంకుడుతో తల అంటకండి. కళ్ళు మండి మిమ్మల్ని రక్కుతుంది, నాకితే కడుపు చెడుతుంది. గిన్నెలో ఉంచితే చాలు.

అసలు పని నేలది. మొజాయిక్ గచ్చు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఊడిస్తే పోతాయి. గోడకీ గచ్చుకీ మధ్య సందు, గుమ్మం కింద సందు, మంచం కింద, సోఫా మడతల్లో, ఇవి చూడండి. పిల్లి పడుకునే చోటు ఒకటి అలవాటు చేసి, అక్కడ పాత దుప్పటి వేసి, వారానికోసారి దాన్ని మరిగే నీళ్ళల్లో వెయ్యండి. గుడ్లన్నీ అక్కడే పడతాయి, అక్కడే చస్తాయి. అలవాటు చెయ్యకపోతే పదిచోట్ల పడుకుని పదిచోట్ల పెడుతుంది. చాపలూ బొంతలూ ఎండలో వెయ్యండి, ఎండ లేని రోజుల్లో బాగా కాలిన ఇస్త్రీపెట్టె పెట్టండి. ఊడ్చిన దుమ్ము డబ్బాలో ఉంచుకోకుండా మూట కట్టి బయట పారెయ్యండి. దుమ్ము పీల్చే మిషను ఉంటే దాని సంచీ సంగతీ అంతే. గచ్చు కడిగితే పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. సందుల్లో తడి నిలిస్తే మీరే దానికి పురుడు పోసినట్టు.

రాత్రిపూట వెడల్పాటి పళ్ళెంలో సబ్బు నీళ్ళు పోసి, దాని మీద కాస్త ఎత్తున చిన్న దీపం పెట్టి పడుకోండి. వెలుతురుకీ వేడికీ గెంతి నీళ్ళల్లో పడతాయి. పరిశోధక సంఘం వారి జిగురుకి ఇది చెల్లెలు. కరెంటు బల్బు అయితే నీళ్ళకి దూరంగా, పిల్లి తన్నని చోట. దీంతో ఇల్లు ఖాళీ అయిపోదు, కాని ఏ గదిలో ఎన్ని ఉన్నాయో లెక్క తెలుస్తుంది.

రెండు వారాలు చేసి, తగ్గలేదని విసుగెత్తి పొడి డబ్బా తేవద్దు. గూళ్ళల్లో ఉన్నవి ఇంకా రావాలి కదా. ఆరు నుంచి ఎనిమిది వారాలు వరసగా చెయ్యాలి. ఇంట్లో రెండో పిల్లో కుక్కో ఉంటే వాటినీ కలిపి చూడాలి. అయినా తగ్గకపోతే పశువుల డాక్టరు బరువు చూసి ఇచ్చే పిల్లుల మందు ఉంది, దానికి సంకోచించనక్కర్లేదు. పిల్లి కూనల విషయంలో మాత్రం ఎనిమిది వారాలు ఆగకండి. గుప్పెడంత ఒంట్లో ఎంత నెత్తురుంటుంది చెప్పండి? చిగుళ్ళు గులాబీ రంగు పోయి తెల్లబడితే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పిల్లి పడుకున్నచోట బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. ఒళ్ళు నాకేటప్పుడు గోమారిని మింగడం వల్ల వస్తాయి. నేల మీద పాకే పసిపిల్లలు కూడా గోమారిని నోట్లో పెట్టుకుంటే వాళ్ళకీ రావచ్చు.

ఏజెన్సీలోనూ, మలేరియా ఉన్న ఇతర చోట్లా వినేవారికి ఒక మాట. ఇంటికి దోమల మందు కొట్టడానికి వస్తే వద్దనకండి. అది గోడ మీద వాలే దోమ కోసం. కొట్టిన తరవాత గోడలకి కొత్తగా మట్టి పూస్తే మందు మట్టి కింద పడిపోతుంది, అంచేత గోడల పూత ముందే కానిచ్చుకోవాలి. నేల అలకడానికి అభ్యంతరం లేదు. మందు ఆరేదాకా పిల్లినీ, దాని పాల గిన్నెనీ బయట ఉంచండి.

ఇక సెలవులకి పుట్టింటికెళ్ళి నెలా నెలన్నర ఇల్లు తాళం పెట్టేవారి సంగతి. తలుపు తియ్యగానే ఎప్పుడూ లేనన్ని మీద పడతాయి. పిల్లి లేదు కదా, ఎక్కణ్ణుంచి వచ్చాయని ఆశ్చర్యపోతారు. గూళ్ళల్లో అవి కాచుకున్నది మీ అడుగుల చప్పుడుకే. పిల్లల్నీ పిల్లినీ కాసేపు పక్కింట్లో ఉంచి, మీరు మోకాళ్ళ దాకా తెల్లటి మేజోళ్ళు తొడుక్కుని గదిగదిలోనూ మెల్లిగా తిరగండి. అవి మేజోళ్ళ మీదికి గెంతుతాయి, తెలుపు మీద నల్లగా ఇట్టే కనిపిస్తాయి. మేజోళ్ళు తీసి కుంకుడు నీళ్ళల్లో ముంచి, ఇల్లంతా ఊడ్చి, మర్నాడు మళ్ళీ ఒకసారి తిరిగి చూసుకోండి. పిల్లిని ఆ తరవాత లోపలికి తెచ్చుకోవచ్చు.